చదివే వంతు రాగానే బయటికి వెళ్లిపోతున్న పిల్లవాడు: ఏం చేయాలి?

ప్రశ్న: తెలుగు ఉపాధ్యాయురాలు, నాగర్‌కర్నూల్ జిల్లా

అందరికీ నమస్కారం. మాది జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల. ఈ ఏడాది ఆరో తరగతిలో చేరిన ఒక అబ్బాయి గురించి అడుగుతున్నాను. పాఠం చదివిస్తుంటే, తన వంతు దగ్గర పడుతోందనగానే "నీళ్లు తాగి వస్తాను టీచర్" అంటాడు. తిరిగొచ్చేసరికి వంతు దాటిపోతుంది. చూసి రాయమంటే ముత్యాల్లాంటి అక్షరాలు. రాసింది చదవమంటే మాత్రం మొదటి ఒత్తు దగ్గరే నోరు పెగలదు. మూడు, నాలుగు తరగతుల్లో పంట పనులు అయిపోగానే తల్లిదండ్రులతో ఇటుక బట్టీకి వెళ్లిపోయేవాడట. నోటి లెక్కల్లో తరగతి మొత్తంలో వాడి తర్వాతే ఎవరైనా. నలుగురిలో చిన్నబుచ్చకుండా వాడికి చదవడం ఎలా నేర్పాలి? వెనక బెంచీలో విడిగా కూర్చోబెట్టమని మా స్టాఫ్ రూములో అంటున్నారు. నాకు అస్సలు మనసొప్పడం లేదు.

జవాబు: ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయుడు, శ్రీకాకుళం జిల్లా

మేడం, ముందు వరస ప్రకారం చదివించడం ఆపేయండి. వాడిని భయపెడుతున్నది ఆ వరసే. కొన్నాళ్లు అందరితో కలిపి చదివించండి, ఆ తర్వాత ఇద్దరిద్దరుగా. ఒంటరిగా చదవాల్సి వస్తే ఏ రెండు వాక్యాలో ముందు రోజే చెప్పి పంపండి.

ఇక పాఠం వాడి దగ్గరే ఉంది. ఇటుకలు ఎలా చేస్తారో చెప్పమనండి, వాడు చెప్పింది చెప్పినట్టు మీరు కాగితం మీద రాయండి. మట్టి, అచ్చు, బట్టీ, కట్టెలు... చూశారా, అన్నీ ద్విత్వాక్షరాలే! తన నోటి మాటే కనుక సగం ఊహించి అయినా చదువుతాడు. అవి పట్టుబడ్డాక సంయుక్తాక్షరాలకు వెళ్లవచ్చు. వాచకం అప్పటిదాకా ఆగుతుంది, ఏమీ కాదు.

జవాబు: విశ్రాంత ప్రధానోపాధ్యాయురాలు, ఖమ్మం

విడి బెంచీకి మీరు ఒప్పుకోకండి. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ కొట్టడాన్నే కాదు, మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. వయసుకు తగిన తరగతిలో చేర్చుకున్న పిల్లలకు ప్రత్యేక శిక్షణ పొందే హక్కు 4వ సెక్షన్‌లో ఉంది. స్టాఫ్ రూములో ఆ మాటే చెప్పండి. ఒకసారి కళ్లు కూడా చూపించండమ్మా. పిల్లలకు ఆరోగ్య పరీక్షలు చేసే రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందం బడికి వచ్చినప్పుడు వాడి పేరు ముందే ఇవ్వండి.

ప్రశ్న అడిగినవారు:

ఇద్దరికీ కృతజ్ఞతలు. బోర్డు మీది చివరి బెంచీ నుంచి కూడా తప్పు లేకుండా రాసుకుంటాడు, అయినా పరీక్ష చేయిస్తాను. ఇటుకల పాఠం రేపే మొదలుపెడతాను. నా దిగులల్లా ఒకటే. సంక్రాంతి లోపు వాళ్లు మళ్లీ బట్టీకి వెళ్తారట. నాయనమ్మ ఊళ్లోనే ఉంటుంది కానీ పెద్దావిడ.

జవాబు: విశ్రాంత ప్రధానోపాధ్యాయురాలు, ఖమ్మం

అయితే ఆలస్యం చేయకండి. వలస కుటుంబాల పిల్లల కోసం సమగ్ర శిక్ష అనే ప్రభుత్వ విద్యా పథకం కింద సీజనల్ హాస్టల్, అంటే తల్లిదండ్రులు వలస వెళ్లిన నెలల్లో పిల్లలు ఉండి చదువుకునే వసతి, పెట్టే వీలుంది. మీ ఊరి నుంచి వెళ్లే పిల్లలందరి పేర్లూ రాసి, దసరా సెలవులకు ముందే ప్రధానోపాధ్యాయుల సంతకంతో మండల విద్యాధికారికి ఇవ్వండి. నాయనమ్మతో మాట్లాడటానికి మీరే ఇంటికి వెళ్లండి.