కాఫ్కా బ్రోకర్లన్నీ ఒకేచోట పెట్టాలా, విడదీయాలా?

పేమెంట్స్_టీమ్:
ఏడబ్ల్యూఎస్ (అమెజాన్ క్లౌడ్) హైదరాబాద్ రీజియన్‌లో 9 బ్రోకర్లతో (మెసేజ్‌లు దాచే సర్వర్లు) కాఫ్కా అనే మెసేజ్‌ల సాఫ్ట్‌వేర్ పెడుతున్నాం, ప్రతి మెసేజ్‌కీ 3 రెప్లికాలు (కాపీలు). అన్నీ ఒకే క్లస్టర్ ప్లేస్‌మెంట్ గ్రూపులో పెడదామని టీమ్‌లో సగం మంది పట్టు. మీరేమంటారు?

నెట్‌వర్క్_మనిషి:
క్లస్టరే పెట్టండి. సర్వర్లు పక్కపక్కనే ఉంటాయి, ఒక్కో కనెక్షన్‌కి సెకనుకి 5 గిగాబిట్ల బదులు 10 దాకా వస్తుంది. గ్రూపుకి విడిగా ఛార్జీ లేదు.

రాత్రి_డ్యూటీ:
ఆ 10 గిగాబిట్లు నిజమే అన్నా, కానీ కాఫ్కాకి అది తప్పుడు బేరం. వాతావరణ మోడల్ లాంటి లెక్కల్లో వందల సర్వర్లు క్షణక్షణం మాట్లాడుకోవాలి. ఆగిపోతే చెక్‌పాయింట్ (చివరిగా సేవ్ చేసిన చోటు) నుంచి మళ్ళీ నడుపుకుంటారు. క్లస్టర్ వాళ్ళ కోసం. మనం 3 కాపీలు పెట్టేదే ఒకటి పోయినా మిగతావి పని చేయాలని. మూడూ ఒకే ర్యాక్‌లో (సర్వర్లు అమర్చే బీరువా) పడితే, ఆ ర్యాక్‌కి కరెంటు పోగానే మూడూ ఒకేసారి పోతాయి. పైగా రేపు ఇంకో రెండు బ్రోకర్లు కలపబోతే ఆ గ్రూపులో చోటు లేదని ఎర్రర్ రావచ్చు.

పార్టిషన్ గ్రూపైతే సర్వర్లని పార్టిషన్లనే గుంపులుగా విడదీస్తారు, ఒక పార్టిషన్ ర్యాక్‌లు ఇంకోదానితో కలవవు; జోన్‌కి (రీజియన్‌లో విడిగా ఉండే డేటాసెంటర్ల గుంపు) 7 పార్టిషన్ల దాకా ఇస్తారు. స్ప్రెడ్ గ్రూపులో ప్రతి సర్వరూ వేరే ర్యాక్, జోన్‌కి 7 సర్వర్లే. కంట్రోలర్లు (బ్రోకర్లని సమన్వయం చేసే సర్వర్లు) మూడింటికి అది బాగుంటుంది.

నెట్‌వర్క్_మనిషి:
మరి జోన్లకి పంచితే? ఆక్స్ ఆల్ (తాజాగా ఉన్న కాపీలన్నిటికీ అందాకే రాత పూర్తయినట్టు లెక్క) పెట్టారంటే ప్రతి మెసేజూ జోన్ దాటి రావాలి. దాటిన డేటాకి రెండు వైపులా బిల్లు.

రాత్రి_డ్యూటీ:
నా ఓటు జోన్లకే. అక్కడ జోన్లు 3, తలా 3 బ్రోకర్లు. పార్టిషన్ గ్రూపు ఎంత బాగున్నా, ఒకే జోన్‌లో పెడితే ఆ జోన్‌తోపాటే పోతుంది. జోన్ల మధ్య దూరం 100 కిలోమీటర్ల లోపే. ఫైబర్‌లో కాంతి అంత దూరం వెళ్ళి రావడానికి ఒక మిల్లీసెకను. పేమెంట్ బ్యాంకు జవాబు కోసం ఆగే సమయం ముందు అదెంత? బిల్లు మాట ఒప్పుకుంటాను. కాఫ్కా 2.4 నుంచి కన్స్యూమర్లు (మెసేజ్‌లు చదివే ప్రోగ్రాములు) దగ్గరి రెప్లికా నుంచే చదువుకోవచ్చు, అది ఆన్ చేస్తే చదివే వైపు ఖర్చు బాగా తగ్గుతుంది.

అన్నిటికన్నా ముఖ్యం: ప్రతి బ్రోకర్‌లో బ్రోకర్ డాట్ ర్యాక్ సెట్టింగులో జోన్ పేరు రాయండి. అది ఖాళీగా ఉంటే ఏది ఎక్కడుందో కాఫ్కాకి తెలియదు, ఒక టాపిక్ (ఒక రకం మెసేజ్‌ల వరుస) కాపీలు మూడూ ఒకే జోన్‌లో పడొచ్చు. మినిమమ్ ఇన్‌సింక్ రెప్లికాలు (రాత ఒప్పుకోవాలంటే తాజాగా ఉండాల్సిన కాపీల కనీస సంఖ్య) 2 ఉంచండి.

పేమెంట్స్_టీమ్:
ర్యాక్ సెట్టింగు మా ప్లాన్‌లో లేనే లేదు. ఈ వారమే పెడతాం.

రాత్రి_డ్యూటీ:
లైవ్‌కి ముందు ఒక జోన్‌లో మూడు బ్రోకర్లనీ ఒకేసారి ఆపి, రాతలు ఆగకుండా నడుస్తున్నాయో లేదో చూసి ఇక్కడ చెప్పండి.