సింఘా, లియో, చాంగ్: నిజంగా తేడా ఉందా?
ఆఫీసు పని మీద బ్యాంకాక్ వచ్చి రెండు నెలలైంది. ఇక్కడ ఏ టేబుల్ మీద చూసినా ఈ మూడు థాయ్ బీర్లే. సింఘా 1933 నాటిది, కాస్త చేదు, మాల్ట్ రుచి తెలుస్తుంది, ధరా ఎక్కువే. లియో కూడా అదే కంపెనీది, చవక. నాకైతే నీళ్లలా అనిపించింది, కానీ మా ఆఫీసులో థాయ్ వాళ్లంతా దాన్నే అడుగుతారు. ఎందుకో అర్థం కాదు.

చాంగ్ సంగతి వేరు. తాగిన మర్నాడు తల పగిలిపోతుందని, దానికి 'చాంగోవర్' అని పేరే పెట్టేశారు. ఒకప్పుడు 6.4 శాతం ఆల్కహాల్ ఉండేది, ఇప్పుడు సీసా మీద 5 అనే ఉంది. మరి చెడ్డపేరు ఇంకా వదల్లేదేం?

పైగా గ్లాసు నిండా ఐసు వేసి పోస్తారు! మొదటిసారి అయ్యో అనుకున్నా. ఈ ఉక్కలో, నోరు మండే బొప్పాయి సలాడ్‌తో, ఐసు కరిగేలోపు తాగితే బానే ఉంది. కానీ రుచి పోల్చడం కుదరట్లేదు. ఐసు లేకుండా మూడూ తాగినవాళ్లు చెప్పండి, ఏది నయం? కింగ్‌ఫిషర్ స్ట్రాంగ్ తప్ప ఇంకోటి ముట్టని మా బావకి రెండు సీసాలు పట్టుకెళ్లాలి.