పాత ష్విన్ యూనిసైకిల్ ధర ఎంత? చక్రం కట్టేవాళ్లు ఎవరైనా తెలుసా?

చికాగో దగ్గర ఒక గరాజ్ సేల్‌లో పాత ష్విన్ కంపెనీ యూనిసైకిల్ (ఒంటి చక్రం సైకిల్) దొరికింది, చక్రం 24 అంగుళాలది. 1895లో ఈ కంపెనీ పుట్టిన ఊరే కదా! ఫ్రేమ్ క్రోమ్ ఇంకా మెరుస్తోంది. రిమ్ మాత్రం సొట్టపోయింది, తుప్పు పట్టిన స్పోకులు వేలితో నొక్కితే కదులుతున్నాయి.

దీనికి ఎంత పలుకుతుంది? రిమ్ మారిస్తే విలువ పడిపోతుందా, పాత రిమ్ పారేయకుండా దాంతోపాటే ఇస్తే చాలా?

అసలు తలనొప్పి చక్రమే. ఫ్రీవీల్ (తొక్కడం ఆపినా చక్రాన్ని తిరగనిచ్చే భాగం) ఉండదు, క్రాంకులు (పెడల్ కడ్డీలు) నేరుగా హబ్‌కే, అంటే చక్రం మధ్య భాగానికే. ముందుకు తొక్కినా వెనక్కి తొక్కినా బలమంతా స్పోకుల మీదే. వాటిని నిటారుగా బిగిస్తే నిలవదు, ఒకదాన్నొకటి దాటించి అల్లాలి. బెండు తీసే మామూలు షాపుకి ఇవ్వబుద్ధి కావట్లేదు. పాత హబ్ అలాగే ఉంచి కొత్త రిమ్ కట్టగల చేయి తిరిగిన మెకానిక్ ఎవరైనా ఉంటే చెప్పండి. వేరే రాష్ట్రమైనా పార్సిల్ చేస్తాను.