మే నెలలో పది రాత్రులు జర్మనీ, ఆస్ట్రియా: పెద్దవాళ్ళతో వెళ్ళాలంటే దారి ఎలా వేసుకోవాలి?

లంకగట్టు

అందరికీ నమస్కారమండి. మాది అమలాపురం దగ్గర. దాళ్వా మాసూళ్ళు ఏప్రిల్ ఆఖరుకి తేలిపోతాయి, సార్వా నారుమళ్ళ పని జూన్‌లో గానీ ఉండదు. కాలవలు కట్టేసే ఆ రోజుల్లో, బాబుకి సెలవులు కూడా కలిసొస్తాయి కాబట్టి, మే 10 తర్వాత పది రాత్రులు అటు వెళ్ళి రావాలని అనుకుంటున్నాం. ఐదుగురం: మేమిద్దరం, నాన్నగారు (68), అమ్మ (63, మోకాళ్ళ నొప్పులు), బాబు (9). అమ్మ గుడ్డు కూడా ముట్టదు.

ఫ్రాంక్‌ఫర్ట్‌లో దిగి మ్యూనిక్, జూరిక్, సాల్జ్‌బర్గ్, వియన్నా, ప్రాగ్, ఒక్కోచోట రెండు రాత్రులు అని రాసుకున్నాను. దిగేది జర్మనీలో గనక వీసా జర్మనీకే పెట్టాలా? ఆదాయం సేద్యం మీదే, ఐటీ రిటర్నులు రెండేళ్ళవే ఉన్నాయి. రైలు పాస్ కొనాలా, విడి టికెట్లా? కొండమీద కోట, నోయ్‌ష్వాన్‌స్టైన్, అమ్మ చూడగలదా? పచ్చళ్ళు ఏవి పట్టుకెళ్ళొచ్చు?

గౌతమిపాయ

ముందు ఆ ఐదు ఊళ్ళను మూడు చేయండి. హోటల్ మారిన ప్రతిసారీ సగం రోజు పోతుంది. పొద్దున్న పదీ పదకొండుకల్లా గది ఖాళీ చేయాలి, కొత్తచోట మధ్యాహ్నం మూడు దాకా తాళం ఇవ్వరు, ఈలోగా సామాను ఎక్కడ పెట్టాలా అన్న వెతుకులాట. ఐదు ఊళ్ళంటే అలాంటి సగం రోజులు నాలుగు. మ్యూనిక్ నుంచి ప్రాగ్‌కి రైల్లోనే ఆరు గంటలకి అటూ ఇటూ పడుతుంది. జూరిక్ అంటే డబ్బు కూడా ఫ్రాంకుల్లోకి మారుతుంది, పైగా స్విట్జర్లాండ్‌కి రెండు రాత్రులు ఏ మూలకీ చాలవు. దాన్ని ఇంకో ఏడాదికి పెట్టుకోండి.

మ్యూనిక్ 4, సాల్జ్‌బర్గ్ 3, వియన్నా 3 రాత్రులు. మూడూ ఒకే రైలు దారిలో ఉన్నాయి, వెనక్కి తిరగక్కర్లేదు. విమానం టికెట్ 'మల్టీ సిటీ' అని వెతికి వెళ్ళడం మ్యూనిక్‌కి, రావడం వియన్నా నుంచి, రెండూ ఒకే పీఎన్‌ఆర్‌లో తీసుకోండి.

ఇప్పుడు వీసా. రెండు దేశాలకీ షెన్‌గెన్ వీసా ఒక్కటే. ఎక్కడ దిగుతారన్నది కాదు, ఎక్కడ ఎక్కువ రోజులు ఉంటారన్నదే లెక్క. పై ప్లాన్‌లో జర్మనీ 4, ఆస్ట్రియా 6. కాబట్టి అప్లికేషన్ ఆస్ట్రియాకి పెట్టాలి. రెండు దేశాల్లో రోజులు సమానమైతేనే మొదట అడుగుపెట్టే దేశం. ఇది తెలియక చాలామంది తప్పు కౌంటర్‌కి వెళ్ళి వెనక్కొస్తారు.

ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి తీసుకుంటారు, ఆఖరు గడువు 15 రోజులు. మామూలుగా 15 రోజుల్లో తేలుస్తారు, అనుమానం వస్తే 45 దాకా లాగొచ్చు. సెలవుల ముందు హైదరాబాద్‌లో వీసా అప్లికేషన్లు తీసుకునే వీఎఫ్‌ఎస్‌లో స్లాట్లు దొరకవు, ఇప్పుడే పట్టుకోండి. ఫీజు పెద్దవాళ్ళకి 90 యూరోలు, 6 నిండి 12 నిండని పిల్లలకి 45. మీకు మొత్తం 405, సర్వీస్ చార్జీ వేరే. బాబుకి వేలిముద్రలు తీసుకోరు గానీ పుట్టిన తేదీ పత్రం, మీ ఇద్దరి సంతకాలు కావాలి. పాస్‌పోర్ట్ పదేళ్ళ లోపు ఇచ్చినదై, తిరిగొచ్చే తేదీ తర్వాత కనీసం మూడు నెలలు చెల్లాలి, రెండు పేజీలు ఖాళీగా ఉండాలి. ఇన్సూరెన్స్ 30,000 యూరోలకు తగ్గకూడదు. నాన్నగారి వయసుకి ఇంకా ఎక్కువదే తీసుకోండి, పాత జబ్బులుంటే ఫారంలో దాచకుండా రాయండి.

సేద్యం ఆదాయం గురించి దిగులొద్దు. ఉన్న రిటర్నులతో పాటు పట్టాదారు పాస్‌బుక్, 1బి, అడంగల్, ధాన్యం అమ్మిన రసీదులు, ఆ డబ్బు జమ అయిన బ్యాంకు స్టేట్‌మెంట్ జతచేయండి. తెలుగులో ఉన్నవాటికి ఇంగ్లీషు అనువాదం తప్పదు. రసీదు తేదీ, జమ తేదీ పక్కపక్కన కనబడేలా ఒక కాగితం మీద రాసి పెడితే చూసే అధికారికి సేద్యం లెక్క అర్థమవుతుంది. అప్లికేషన్‌కి వారం ముందు ఎవరిదగ్గరో తెచ్చి నాలుగైదు లక్షలు ఒక్కసారి వేశారంటే మాత్రం అది ఇట్టే కళ్ళబడుతుంది, ఆ పని చేయకండి. ఇంటిపేరు విషయంలో జాగ్రత్త. పాస్‌పోర్ట్‌లో ఎలా విడదీసి ఉందో టికెట్‌లోనూ ఇన్సూరెన్స్‌లోనూ అలాగే ఉండాలి, పొడి అక్షరాలు పనికిరావు. వీసా చేతికొచ్చేదాకా డబ్బు వెనక్కిరాని టికెట్లు కొనకండి. హోటళ్ళు ఉచితంగా రద్దయ్యేవే బుక్ చేయండి.

రాజమండ్రి నుంచి హైదరాబాద్‌కి విమానం విడిగా కొంటే సామాను సాధారణంగా 15 కిలోలే అనుమతిస్తారు, అంతర్జాతీయ టికెట్‌లో 23 ఉంటుంది. ఆ తేడాకి కౌంటర్ దగ్గర కట్టేకంటే రైల్లో హైదరాబాద్ చేరడం నయం.

ధవళేశ్వరం లాకులు

రైళ్ళ సంగతి నేను చెప్తాను. ఈ దారికి యూరప్ పాస్ దండగ.

మ్యూనిక్ చుట్టూ తిరగడానికి బయర్న్ టికెట్ అని ఒకటుంది. ఒకే రోజు, ఐదుగురి దాకా ఒకే టికెట్, సరిగ్గా మీ లెక్క. మ్యూనిక్ ఉన్న బవేరియా రాష్ట్రమంతా ప్రాంతీయ రైళ్ళలో, మ్యూనిక్ సిటీ రైళ్ళు, ట్రాముల్లో చెల్లుతుంది. ఆస్ట్రియా గడ్డమీదున్న సాల్జ్‌బర్గ్ స్టేషన్ దాకా కూడా ఇదే టికెట్. షరతులు మూడు. సోమ నుంచి శుక్ర వరకు ఉదయం 9 తర్వాతే చెల్లుతుంది, శని ఆదివారాల్లో, సెలవుల్లో అర్ధరాత్రి నుంచే. ఐసీఈ, ఐసీ, ఈసీ అనే దూరప్రయాణపు రైళ్ళలో చెల్లదు, బోర్డు మీద ఆర్‌ఈ, ఆర్‌బీ, ఎస్ అని ఉన్నవే ఎక్కాలి. టికెట్ మీద పేర్లు రాయాలి. పొరపాటున ఐసీఈ ఎక్కితే టికెట్ లేనట్టే లెక్క, జరిమానా కనీసం 60 యూరోలు. మ్యూనిక్–సాల్జ్‌బర్గ్ ప్రాంతీయ రైలుకి రెండు గంటల లోపే. బయల్దేరే ముందురోజు రాత్రి జర్మన్ రైల్వే వాళ్ళ డీబీ యాప్‌లో ఒకసారి చూసుకోండి, పట్టాల పనులుంటే మధ్యలో బస్సు ఎక్కిస్తారు, దానికి 'ఎస్‌ఈవీ' అని బోర్డు పెడతారు.

సాల్జ్‌బర్గ్ నుంచి వియన్నాకి రైల్‌జెట్ అనే వేగం రైల్లో రెండున్నర గంటలు. ఇది ముందుగా 'ష్పార్‌షీనె' ధరలో కొనండి. చవకే గానీ ఆ రైలుకే కట్టుబడాలి. సీటు రిజర్వేషన్ విడిగా చేయించండి, లేకపోతే ఐదుగురూ ఐదు బోగీల్లో కూర్చోవాల్సొస్తుంది.

ఇక కోట. నోయ్‌ష్వాన్‌స్టైన్‌కి మ్యూనిక్ నుంచి ఫ్యుస్సెన్ రెండు గంటలు, అక్కడి నుంచి బస్సు పది నిమిషాలు. కింది నుంచి కోట దాకా ఎత్తులో ముప్ఫై నలభై నిమిషాల నడక. గుర్రబ్బండి ఉంది, అదీ కోట గుమ్మం దాకా పోదు. పైకెళ్ళే బస్సు వంతెన దగ్గర దింపుతుంది, అక్కడి నుంచి నిటారుగా దిగాలి. మోకాళ్ళకి ఎక్కడంకన్నా దిగడమే కష్టం. లోపల 165 మెట్లు ఎక్కి 181 దిగాలి. టికెట్ మీద రాసిన నిమిషానికి గేటు దగ్గర లేకపోతే ఆ టికెట్ పోయినట్టే. తొమ్మిది తర్వాతి రైలుకి బయల్దేరితే ఒంటిగంటన్నర కంటే ముందు స్లాట్ తీసుకోవద్దు. నా మాటేమిటంటే అమ్మగారితో ఇది వద్దు.

దాని బదులు హెరెన్‌కీమ్‌జే రాజభవనం చూడండి. కట్టించింది ఆ కోట కట్టించిన రాజే, రెండవ లూడ్విగ్, 1878లో మొదలుపెట్టాడు. 2025లో రెండిటినీ కలిపే యునెస్కో జాబితాలో చేర్చారు. కీమ్‌జే సరస్సు మధ్య లంకలో ఉంటుంది. మ్యూనిక్ నుంచి ప్రీన్ స్టేషన్ గంట, బయర్న్ టికెట్ చాలు. అక్కడి నుంచి పడవ పావుగంట. రేవు నుంచి రాజభవనం దాకా చదునైన దారి, ఇరవై నిమిషాల నడక, గుర్రబ్బండి కూడా దొరుకుతుంది. లంకలో పుట్టినవాళ్ళకి కొండమీద కోటకన్నా ఇదే మనసుకి పడుతుందని నా నమ్మకం.

పాపికొండల పడవ ఇష్టపడేవాళ్ళు క్యోనిగ్‌జే సరస్సు వదలకూడదు. సాల్జ్‌బర్గ్ నుంచి 840 నంబరు బస్సులో బెర్క్‌టెస్‌గాడెన్, అక్కడ 841. రెండువైపులా నిలువు కొండలు, 190 మీటర్ల లోతు నీళ్ళు. 1909 నుంచి కరెంటు పడవలే, మోటారు చప్పుడుండదు. సగం దారిలో కొండగోడ దగ్గర పడవ ఆపేస్తారు. పడవవాడు లేచి తలుపు తీసి బాకా అందుకుని రెండు స్వరాలు ఊది ఆగుతాడు. ఒక్క క్షణం నీళ్ళ అలికిడి కూడా ఉండదు, ఆ తర్వాత కొండ అవే స్వరాలు తిరిగి పలుకుతుంది. సేంట్ బార్తొలొమె రేవు దాకా 35 నిమిషాలు. పదిన్నర దాటితే వరస పెరిగిపోతుంది, పెందలాడే వెళ్ళండి.

లంకగట్టు

ఆయ్, చాలా మేలు చేశారండీ. జూరిక్, ప్రాగ్ తీసేశాను. వీసా ఆస్ట్రియాకే పెడతాను. ఇంక తిండి సంగతి ఎవరైనా చెప్పండి. అమ్మ మజ్జిగన్నం లేకుండా రెండు రోజులు కూడా ఉండలేదు, ఆవిడ నాటుకోడి పచ్చడి కూడా మాకోసం సీసాకెత్తి పెట్టింది.

సామర్లకోట జంక్షన్

నాటుకోడి పచ్చడి ఇంట్లోనే ఉంచండి తమ్ముడూ. యూరోపియన్ యూనియన్‌లోకి బయటి దేశాల మాంసం, పాలు, వాటితో చేసినవి సామాన్లో తేకూడదు. కోడి, మటన్ పచ్చళ్ళు, నెయ్యి డబ్బా, పాలకోవా అన్నీ ఇందులోకే వస్తాయి. పట్టుకుంటే తీసి పారేస్తారు, జరిమానా పడొచ్చు. చేపలు, రొయ్యలకి మాత్రం వేరే లెక్క: మనిషికి 20 కిలోల దాకా అనుమతి ఉంది. కాబట్టి రొయ్యల పచ్చడి వెళ్తుంది, కోడి వెళ్ళదు. ఆవకాయ, గోంగూర, కందిపొడి, జంతికలకి అడ్డు లేదు. పచ్చడి సీసాలు చెక్‌ఇన్ పెట్టెలోనే, మూతకి ప్లాస్టిక్ చుట్టి, రెండు కవర్లలో.

పళ్ళలో మామిడి వద్దు, మొక్కల ఆరోగ్య పత్రం అడుగుతారు. పచ్చి కరివేపాకు కూడా అంతే. పత్రం అక్కర్లేనివి ఐదే: అరటి, కొబ్బరి, అనాస, ఖర్జూరం, దురియన్. అందులో రెండు కోనసీమవే.

అమ్మగారికి 'వెగెటారిష్' అన్న మాట ఒక్కటే చాలదు. వాళ్ళ శాకాహారంలో గుడ్డు ఉంటుంది. కేజె ష్పెట్స్‌లె అని ప్రతి మెనూలో కనబడే చీజు వంటకంలో పిండి గుడ్డుతోనే కలుపుతారు, రొట్టె ఉండలు క్న్యోడెల్ కూడా అంతే. బవేరియాలో బంగాళాదుంప సలాడ్‌ని చాలాచోట్ల మాంసం ఉడికించిన నీళ్ళతో కలుపుతారు, చూడ్డానికి ఏమీ తెలియదు. 'ఓనె ఫ్లైష్, ఓనె ఫిష్, ఓనె ఐ' అని కాగితం మీద రాయించుకుని చూపించండి: మాంసం, చేప, గుడ్డు లేకుండా. మీరు వెళ్ళేది మంచి అదును, మేలో తెల్ల ఆస్పరాగస్ కాలం, జూన్ 24 దాకా ఉంటుంది. 'ష్పార్‌గెల్' అని బయట పలక పెడతారు. హాలండేజ్ సాస్‌లో గుడ్డు ఉంటుంది, అది వద్దని కరిగిన వెన్న వేయమనండి. ఉడికిన దుంపలతో కలిపి వస్తుంది, పెద్దవాళ్ళకి మెత్తగా ఉంటుంది.

హోటల్ గదులు కాకుండా వంటిల్లున్న ఫ్లాట్ తీసుకోండి. బుక్ చేసేముందు లిఫ్ట్ ఉందా అని అడగండి, పాత భవనాల్లో చాలావాటికి ఉండదు. బియ్యం కొనేటప్పుడు 'మిల్‌ష్‌రైస్' అని రాసి ఉన్న పొట్టి గింజ తీసుకోవద్దు, అది పాయసానికి, అన్నం ముద్దవుతుంది. బాస్మతి కొనండి. పెరుగు 'నాటూర్‌యోగుర్ట్' 3.5 శాతం. చిన్న కుక్కర్ మోసుకెళ్ళాలనుకుంటే స్టీలుది. ఇండక్షన్ పొయ్యి మీద అల్యూమినియం వేడెక్కదు.

ఆదివారం దుకాణాలు మూసేస్తారు, పెద్ద రైల్వే స్టేషన్లలో ఉన్నవే తెరిచి ఉంటాయి. మే, జూన్‌లలో ఇంకో రెండు సెలవులు తగులుతాయి: ఈస్టర్ ఆదివారం తర్వాత 39వ రోజు గురువారం, 50వ రోజు సోమవారం. మీ తేదీలకి లెక్కేసుకుని ముందురోజే పాలు, కూరలు తెచ్చిపెట్టుకోండి. మందుల షాపులదీ అదే వరస, వంతులవారీగా ఒకటే తెరుస్తారు. అమ్మానాన్నల మందులు ప్రయాణం కంటే వారం ఎక్కువకి, చీటీతో సహా చేతిసంచిలో ఉంచండి.

గౌతమిపాయ

వియన్నా గురించి ఒక్కటి. ష్యోన్‌బ్రున్ రాజభవనానికి టైము రాసిన టికెట్ ముందే కొనండి. ఒక సాయంత్రం మాత్రం దాన్యూబ్ నదిలోని డోనావ్ లంకకి (డోనావిన్సెల్) కేటాయించండి, మెట్రో యూ1లో అదే పేరున్న స్టేషన్. దాన్యూబ్ వరద ఊరిమీదకి రాకుండా 1972 నుంచి 1988 దాకా పక్కనే ఇంకో పాయ తవ్వారు. ఆ తవ్విన మట్టితో కట్టిన లంక అది, 21 కిలోమీటర్లు. 86 గోదావరి వరద చూసిన మీ నాన్నగారు ఆ గట్టు మీద చాలాసేపు నిలబడతారు, తొందరపెట్టకండి.