సైబర్ సెక్యూరిటీలో ఎంఎస్ కోసం ఇల్లు తాకట్టు పెట్టి వెళ్లడం కరెక్టేనా?

ఖమ్మం_నైట్‌షిఫ్ట్:

అందరికీ నమస్తే. హైదరాబాద్‌లో ఒక కంపెనీ ఎస్‌ఓసీలో (సైబర్ దాడులు జరుగుతున్నాయేమో 24 గంటలూ కనిపెట్టే టీమ్) ఎల్1, అంటే మొదటి మెట్టు అనలిస్ట్‌గా చేస్తున్నా, రెండున్నరేళ్లయింది. పనేంటంటే స్ప్లంక్ అనే లాగ్‌లు చూసే టూల్‌లో వచ్చిన అలర్ట్ చూడటం, ఫాల్స్ పాజిటివ్ (ఉత్తుత్తి హెచ్చరిక) అయితే క్లోజ్ చేయడం, డౌటుంటే పై మెట్టు ఎల్2కి పంపడం, ఫిషింగ్ మెయిల్ టికెట్లు, అంతే. నెలలో సగం నైట్ షిఫ్టులే. చేతికి 38 వేలొస్తాయి. ఎల్2కి రెండుసార్లు అడిగా, చూద్దాం అంటున్నారు.

ఇప్పుడు అమెరికాలో ఒక యూనివర్సిటీలో సైబర్ సెక్యూరిటీ ఎంఎస్‌కి అడ్మిట్ వచ్చింది. ఫీజు, ఖర్చులు కలిపి రెండేళ్లకి 45 లక్షల దాకా అవుతుంది. నాన్న ఇల్లు బ్యాంకులో పెడదాం అంటున్నారు. అదేమో ఆయన పదిహేనేళ్లు కిస్తీలు కట్టి పోయినేడే తీర్చుకున్న ఇల్లు, ఆ కాగితాలు మళ్లీ బ్యాంకుకి ఇవ్వాలంటే నాకు నిద్ర పట్టట్లేదు. కన్సల్టెన్సీ వాళ్లేమో ఈ ఫాల్ (ఆగస్టు ప్రాంతంలో మొదలయ్యే సెమిస్టర్) వదలొద్దు అంటున్నారు, మా టీమ్ లీడ్ సర్టిఫికేషన్లు చాలు అంటున్నాడు. ఈ దారిలో వెళ్లినవాళ్లు నిజంగా ఏమైందో చెప్పండి ప్లీజ్.

డల్లాస్_నుంచి:

తమ్ముడూ, నేను 2016లో ఇదే డిగ్రీకి వచ్చా, ఇప్పుడు క్లౌడ్ సెక్యూరిటీలో ఉన్నా. బాగానే ఉన్నా, కానీ నాకెవరూ ముందు చెప్పని విషయం ఒకటుంది. ఇక్కడ సైబర్ ఉద్యోగాల్లో పెద్ద భాగం గవర్నమెంటు, డిఫెన్స్ కాంట్రాక్టర్ల దగ్గరే ఉంటాయి, వాటికి సెక్యూరిటీ క్లియరెన్స్ కావాలి, అంటే అమెరికా పౌరులై ఉండాలి. జాబ్ సైట్‌లో వందల ఓపెనింగులు కనిపిస్తాయి, తెరిచి చదివితే కింద ఆ ఒక్క లైనుంటుంది. నేను మొదటి రెండు నెలలు ఆ లైను చూడకుండానే అప్లై చేసుకుంటూ పోయా, ఒక్క రిప్లై లేదు. సాఫ్ట్‌వేర్ డెవలపర్లకి ఈ ఇబ్బంది ఇంత ఉండదు. అందుకే నన్నడిగితే సైబర్ డిగ్రీ కంటే కంప్యూటర్ సైన్స్ ఎంఎస్‌లో చేరి సెక్యూరిటీ కోర్సులు తీసుకోవడం మేలు, సెక్యూరిటీలో దొరక్కపోయినా వేరే తలుపు ఉంటుంది.

టైమ్ లెక్క కూడా చూసుకో. చదువయ్యాక స్టూడెంట్ వీసా (ఎఫ్1) మీదే పని చేసుకోనిచ్చే ఓపీటీ 12 నెలలు, సైన్స్, టెక్నాలజీ డిగ్రీలకిచ్చే స్టెమ్ పొడిగింపు 24, మొత్తం మూడేళ్లు. మొదటి ఏడాదిలో 90 రోజుల కంటే ఎక్కువ ఖాళీగా ఉంటే స్టేటస్‌కే ఎసరు. ఆ తర్వాత ఉద్యోగానికి కావాల్సిన హెచ్1బీ వీసాలు ఏడాదికి 85 వేలు, అందులో 20 వేలు ఇక్కడ మాస్టర్స్ చేసినవాళ్లకి. లాటరీలో పేరు రావడం మన చేతుల్లో లేదు. 2025 సెప్టెంబర్‌లో కొత్త హెచ్1బీ పిటిషన్లకి లక్ష డాలర్ల ఫీజు పెట్టారు, ఇక్కడే ఉండి ఎఫ్1 నుంచి మారేవాళ్లకి అది వర్తించదని తర్వాత క్లారిటీ ఇచ్చారు గానీ ఆ నెల రోజులు మా దగ్గర పిల్లలు పడ్డ టెన్షన్ నేను చూశా. రూల్స్ ఇలా రాత్రికి రాత్రి మారతాయి అనుకునే లెక్క వేసుకోవాలి.

45 లక్షలు, పదిన్నర శాతం వడ్డీ, పదేళ్లు అనుకుంటే నెలకి 60 వేలు దాటుతుంది కిస్తీ, అదీ చదువుకునే రెండేళ్ల వడ్డీ కలపకుండా. తిరిగి రావాల్సొస్తే హైదరాబాద్ జీతంతో అది కట్టగలవా? ఈ ప్రశ్నకి అవును అనే సమాధానం ఉంటేనే ఇంటి కాగితాలు ఇవ్వండి.

ఓరుగల్లు_రూట్:

నేను మాస్టర్స్ చెయ్యలే బ్రో, హన్మకొండల డిగ్రీ చేసి ఇక్కడ్నే పెంటెస్టర్‌గ (కంపెనీలు అడిగితే వాళ్ల సిస్టమ్‌లను హ్యాక్ చేసి లోపాలు చెప్పే పని) చేస్తున్న, ఆరేండ్లయింది. నీ లెక్కనే ఎల్1ల ఇరుక్కున్న. పోర్ట్‌స్విగర్ వాళ్ల వెబ్ సెక్యూరిటీ అకాడమీ ఫ్రీగ ఉంటది, ల్యాబ్‌లన్నీ రాత్రుళ్లు కూసోని చేసిన, తర్వాత ఓఎస్‌సీపీ అనే పెంటెస్టింగ్ సర్టిఫికేషన్ రాసిన. 23 గంటల 45 నిమిషాల పరీక్ష, అది అయినంక రిపోర్ట్ రాయనీకె ఇంకో 24 గంటలు. మొదటిసారి పోయింది, రెండోసారి వచ్చింది. అది కూడా అగ్గువ కాదు, లక్ష రూపాయలు దాటుతది, కానీ ఇల్లు కుదవ పెట్టే ముచ్చటైతే కాదు కదా.

నీకు పెంటెస్టింగే కావాలని లేదు, ఎస్‌ఓసీల ఉన్నవ్ కాబట్టి డిటెక్షన్ సైడ్, అంటే దాడిని పట్టే రూల్స్ రాసే పని చూడు. అలర్ట్ క్లోజ్ చేసుడు కాదు, ఆ అలర్ట్ ఎందుకు తప్పొచ్చింది, రూల్ ఎట్ల మార్చాలె అని రాసి ఎల్2 వాళ్లకి పంపు. పైథాన్ నేర్సుకో, ఏడబ్ల్యూఎస్ (అమెజాన్ క్లౌడ్) లాగ్‌లు చదువుడు నేర్సుకో. 2022ల సెర్ట్-ఇన్ (సైబర్ దాడులు చూసుకునే కేంద్ర ప్రభుత్వ సంస్థ) ఆరు గంటలల్ల ఇన్సిడెంట్ రిపోర్ట్ చెయ్యాలె అని పెట్టింది, లాగ్‌లు చదివి ఏమైందో చెప్పేటోళ్లు అందరికీ కావాలె. మీ కంపెనీ ఎల్2 ఇయ్యకపోతే వేరే కంపెనీ ఇస్తది, ముందు మూడు నెలలు ఇంటర్వ్యూలు తిరుగు.

గేట్_రాసినదాన్ని:

పై అన్న చెప్పినదాంతో చాలావరకు ఏకీభవిస్తాను గానీ డిగ్రీ అవసరమే లేదంటే ఒప్పుకోనండి. నేను గేట్ రాసి ఎంటెక్ చేశా, నెలకి 12,400 స్టైపెండ్ వచ్చేది, ఇంట్లో రూపాయి అడగలేదు. ఆపరేటింగ్ సిస్టమ్స్, క్రిప్టోగ్రఫీ, మాల్‌వేర్ రివర్సింగ్ (హానికరమైన ప్రోగ్రామ్‌ని విప్పి ఎలా పనిచేస్తుందో చూడటం) లాంటివి నైట్ షిఫ్ట్ చేసొచ్చి నేర్చుకోవడం నా వల్లయ్యేది కాదు, ఆ రెండేళ్లు తీరిగ్గా కూర్చోబట్టే అబ్బాయి. ఇప్పుడు చేస్తున్న మాల్‌వేర్ అనాలిసిస్ పని దాని వల్లే వచ్చింది. ఐఐటీ కాన్పూర్‌లో సైబర్ సెక్యూరిటీ ఎంటెక్ ఉంది, ట్రిపుల్ ఐటీ హైదరాబాద్‌లో ఇన్ఫర్మేషన్ సెక్యూరిటీ ఉంది, దానికి వేరే ఎంట్రన్స్. ఉద్యోగం వదలకుండా అమెరికా డిగ్రీయే కావాలంటే జార్జియా టెక్ 2019 నుంచి సైబర్ సెక్యూరిటీ మాస్టర్స్ ఆన్‌లైన్‌లో నడుపుతోంది, మొదలుపెట్టినప్పుడు మొత్తం ఫీజు పదివేల డాలర్ల లోపే. దానికి వీసా రాదు, చదువు మాత్రం వస్తుంది. మీకు కావాల్సింది ఆ రెండింట్లో ఏదో మీరే తేల్చుకోవాలి.

ఇంకోటి, అడ్మిట్ వచ్చిన చోట కోర్సుల లిస్టు తీసి ఒక్కొక్కటి చదివారా?

ఖమ్మం_నైట్‌షిఫ్ట్:

నిజం చెప్పాలంటే చదవలేదు మేడమ్, మీరడిగాకే కూర్చుని చూశా. పది కోర్సుల్లో ఆరు పాలసీ, రిస్క్ మేనేజ్‌మెంట్, ఆడిట్. ల్యాబ్ ఉన్నవి రెండే. డల్లాస్ అన్న చెప్పిన కిస్తీ లెక్క నాన్నకి ఫోన్లో చెప్తే కాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత "నీకు వెళ్లాలని ఉందా రా" అని అడిగారు. నాకు అమెరికా వెళ్లాలని కంటే ఈ ఎల్1 నుంచి బయటపడాలని ఉంది అని చెప్పా. అడ్మిషన్ ఒక ఏడాది వాయిదా వేస్తారా అని యూనివర్సిటీకి మెయిల్ పెట్టా. ఈలోగా ఇంటర్వ్యూలు మొదలుపెడతా.

@ఓరుగల్లు_రూట్ అన్నా, నేను మార్చిన రూల్స్ ఒక నాలుగు రాసి పెట్టుకున్నా, క్లయింట్ వివరాలు తీసేసి పంపిస్తే చూస్తావా?

ఓరుగల్లు_రూట్:

పంపు తమ్మీ, ఆదివారం చూస్త. ఐపీలు, హోస్ట్‌నేమ్‌లు కూడా తీసెయ్, మర్చిపోకు.