1984 నాటి తెరచాప పడవ: కొనేముందు ఏమి పరీక్షించాలి?

ప్రశ్న (వేళచ్చేరి నుంచి)

నమస్కారం. మాది విశాఖపట్నం. ఉద్యోగరీత్యా చెన్నైలో స్థిరపడ్డాము. చిన్న డింగీలపై తెరచాప నడపడం ఇక్కడి హార్బరులోనే నేర్చుకున్నాను. ఇప్పుడు 1984లో తయారైన, 33 అడుగుల ఫైబర్‌గ్లాస్ పడవ ఒకటి అమ్మకానికి వచ్చింది. లోపల నలుగురు పడుకోవడానికి బెర్తులు, చిన్న వంటగది, డీజిల్ ఇంజను ఉన్నాయి. ధర నాకు అందుబాటులోనే ఉంది. ఈమధ్యే రంగు వేయించినందువల్ల చూడటానికి ముచ్చటగా ఉంది గాని, ఆ రంగు కింద ఏముందో తెలుసుకునే మార్గం నాకు తెలియదు. బాగుచేయించి వచ్చే ఏడాది విశాఖ వరకు తీసుకువెళ్లాలని నా కోరిక. నలభై ఏళ్లు దాటిన పడవను నమ్మవచ్చునా? డబ్బు ముందుగా దేనిమీద ఖర్చు పెట్టాలి? అనుభవమున్న పెద్దలు చెప్పగలరు.

జవాబు (రాయపురం నుంచి, పడవల మరమ్మతు పనిలో ఉన్నాను)

వయసు ఒక్కటే చూసి వద్దనుకోకండి. ఒంటరిగా, ఎక్కడా ఆగకుండా భూమిని చుట్టివచ్చే గోల్డెన్ గ్లోబ్ రేసులో 1988కి ముందు రూపకల్పన చేసిన, 32 నుంచి 36 అడుగుల పడవలకే ప్రవేశం. మన నౌకాదళంలో పనిచేసిన అభిలాష్ టామీ గారు 2023లో ఆ పోటీని రెండవ స్థానంలో ముగించినది కూడా రస్‌లర్ 36 అనే ఆ కాలపు నమూనా మీదనే. అప్పట్లో ఫైబర్‌గ్లాస్‌ను మందంగా వేసేవారు కనుక హల్ (పడవ డొక్క) సాధారణంగా గట్టిగానే ఉంటుంది. నీటిలో మునిగి ఉండే భాగంలో పొక్కులు కనిపించి, గుచ్చితే వెనిగర్ వాసన వచ్చే ద్రవం కారినా, అది మరమ్మతుతో నయమయ్యేదే.

అసలు భయపడవలసినది డెక్ (పడవ పైతలం) గురించి. ఆ కాలపు పడవల్లో చాలావాటికి డెక్ అంటే రెండు పలుచని ఫైబర్ పొరలు, వాటి మధ్య తేలికైన బాల్సా చెక్క. పైన బిగించిన ప్రతి మర రంధ్రం నుంచీ ఏళ్ల తరబడి నీరు దిగి, పైకి ఏమీ కనిపించకుండానే ఆ చెక్క కుళ్లిపోతుంది. చిన్న ప్లాస్టిక్ సుత్తి తీసుకుని అడుగడుగునా తట్టి చూడండి. మంచిచోట ఖంగుమని మోగుతుంది, తడి చెక్క ఉన్నచోట శబ్దం మొద్దుగా వస్తుంది. మాస్టు (తెరచాప కొయ్య) మొదట్లోను, అంచున ఉండే కమ్మీల చుట్టూ ఓపికగా తట్టండి. మొద్దు శబ్దం అక్కడక్కడా అరచేతి మేర మాత్రమే వస్తే బేరమాడి కొనవచ్చు. డెక్‌లో మూడో వంతు అలాగే ఉంటే పై పొర కోసి, చెక్క తీసి, లోపల ఆరబెట్టి, కొత్తది అతికించాలి. ఆ కూలీ పడవ ధరను మించిపోవచ్చు.

ఆ తరువాత మాస్టును నిలబెట్టే స్టీలు తాళ్లు, అవి పడవకు కలిసే చైన్‌ప్లేట్లు. స్టెయిన్‌లెస్ స్టీలు గాలి తగిలేచోట ఏళ్ల తరబడి నిలుస్తుంది గాని, డెక్‌లో దూరి వెళ్లేచోట గాలి అందని తేమలో ఉండి లోలోపలే తినేసుకుపోతుంది. లోపలి గోడమీద తుప్పురంగు చార కనిపిస్తే ఆ ప్లేటును విప్పించి చూడకుండా కొనవద్దు. తాళ్లు మార్చి పది పదిహేనేళ్లు దాటితే, పైకి మెరుస్తున్నా మార్చేయడమే క్షేమం.

అడుగున నీరు వచ్చే కవాటాలను కత్తి మొనతో కాస్త గీకండి. పసుపు రంగు బదులు గులాబీ ఛాయ కనిపిస్తే ఇత్తడిలోని జింకు కరిగిపోయిందన్నమాట. అలాంటి కవాటం ఒకనాడు చేతిలోనే విరిగిపోతుంది. కాంస్యంవి వేయించండి. కీల్ (పడవ అడుగున ఉండే బరువైన రెక్క) ముందు భాగం హల్‌తో కలిసేచోట అడ్డంగా పగులు ఉందేమో చూడండి. అది ఎప్పుడో నేల తగిలినందుకో, కీల్ బోల్టులు వదులైనందుకో గుర్తు. ఇంజను సంగతి మామూలు డీజిల్ మెకానిక్ కూడా చెప్పగలడు.

డబ్బు ముందు డెక్‌కు, మాస్టుకు, కవాటాలకు పెట్టండి. దిండ్లు, పాలిష్, రంగు ఆఖరున. ఎపాక్సీ (గట్టిపడే రెసిన్ జిగురు) పనులు ఈశాన్య రుతుపవనాలు రాకముందే ముగించాలి. మన చెన్నై తేమలో ఎపాక్సీ గట్టిపడేటప్పుడు పైన జిడ్డుపొర తేలుతుంది. దాన్ని నీళ్లతో రుద్ది కడగకుండా మరో పూత వేస్తే అది పట్టుకోదు. పనివాళ్లు ఇక్కడే తొందరపడతారు, దగ్గరుండి చూసుకోండి.

జవాబు (తిరువాన్మియూరు నుంచి)

మరమ్మతు గురించి పైవారు చెప్పినదానికి నేను చేర్చేదేమీ లేదు, ప్రయాణం గురించి చెబుతాను. చెన్నై నుంచి విశాఖకు నేరుగా సుమారు 330 నాటికల్ మైళ్లు. గంటకు అయిదు మైళ్ల చొప్పున నడిస్తే మూడు పగళ్లు, మూడు రాత్రులు అనుకోండి. ఫిబ్రవరి నుంచి మన తీరం వెంబడి ప్రవాహం ఉత్తరానికి పారుతుంది, ఈశాన్యపు గాలి తగ్గి మధ్యాహ్నాలు ఆగ్నేయం నుంచి సముద్రపు గాలి వీస్తుంది, అందుచేత మార్చి నెల వెళ్లడానికి అనువైనది. ఏప్రిల్, మే నెలల్లో తుపాను భయం మొదలవుతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు అసలు తలపెట్టవద్దు. 2016 డిసెంబరులో వర్దా తుపాను ఈ నగరాన్ని ఏం చేసిందో మనందరికీ గుర్తుంది.

తిరుగు ప్రయాణం గురించి చాలామంది ఆలోచించరు. తుపాను భయం తగ్గి, గాలి, ప్రవాహం రెండూ దక్షిణానికి అనుకూలించేది జనవరిలోనే కనుక, విశాఖలో పడవను దాదాపు పది నెలలు క్షేమంగా ఉంచే చోటు ముందే మాట్లాడుకోవాలి. రాత్రిపూట తీరానికి దగ్గరగా నడపవద్దు. దీపం లేని ఫైబర్ పడవలు ఎదురవుతాయి, నీటిపై తేలే వలల తాళ్లు ప్రొపెల్లరుకు చుట్టుకుంటాయి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం ఉన్నా, అది మరపడవలకు వర్తిస్తుంది, చిన్న పడవలు తిరుగుతూనే ఉంటాయి. వాటి బతుకు తెరువు ఆ నీళ్లే కాబట్టి తప్పుకోవలసినది మనమే. అన్నిటికంటే ముందు, ఒక రాత్రి పూర్తిగా సముద్రంలో గడిపేలా పుదుచ్చేరి దాకా ఒకసారి వెళ్లి రండి. పడవలోని లోపాలు మూడొంతులు అక్కడే బయటపడతాయి.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. నిన్న సుత్తితో తట్టి చూశాను. మాస్టు ముందు జానెడు మేర మొద్దుగా వినిపించింది, మిగతాచోట్ల బాగుంది. అయితే అడుగుభాగం చూడటానికి పడవను క్రేన్‌తో గట్టుకెత్తించే ఖర్చు నేనే పెట్టుకోవాలని అమ్మేవారు అంటున్నారు. ఇది న్యాయమేనా?

జవాబు (రాయపురం నుంచి)

న్యాయమేనండి. గట్టుకెత్తించే ఖర్చు, పడవను పరీక్షించి నివేదిక ఇచ్చే సర్వేయరు రుసుము కొనేవారే భరించడం అన్నిచోట్లా ఆనవాయితీ. అడ్వాన్సు ఇచ్చేటప్పుడు మాత్రం, సర్వే నివేదిక నచ్చకపోతే మొత్తం తిరిగి ఇస్తామని కాగితం మీద రాయించుకోండి. పడవ విదేశీ జెండాతో వచ్చినదైతే కస్టమ్స్ సుంకం కట్టిన రసీదులు కూడా అప్పుడే అడగండి. మీ ఖర్చుతోనే ఎత్తిస్తానన్నా అమ్మేవారు ఒప్పుకోకపోతే ఆ పడవను వదిలేయండి. జానెడు మేర తడికి భయపడనక్కరలేదు, అక్కడ ముందుగా మరలు తీయించి, రంధ్రాలను వెడల్పు చేసి, తడి చెక్క తీసి, ఆరబెట్టి, ఎపాక్సీతో పూడ్చి, మళ్లీ తొలిపిస్తే నీరు దిగే ఆ దారి మూసుకుపోతుంది.