వరదలో మునిగిన స్విఫ్ట్ నా షెడ్డులో ఉంది, ఏం చేయమంటారు?

తెనాలి కార్లు:

అందరికీ నమస్కారం. తెనాలిలో 2004 నుంచి పాత కార్ల కన్సల్టెన్సీ నడుపుతున్నాను. ఏడెనిమిది బండ్లు పట్టే రేకుల షెడ్డు, పని చేసే కుర్రాడు ఒకడు. లెక్కలు మా ఆవిడ చూస్తుంది. పాప ఇంటర్ రెండో సంవత్సరం, బాబు ఎనిమిదో తరగతి.

ఆగస్టులో బెజవాడ బ్రోకరు దగ్గర 2019 మోడల్ పెట్రోల్ స్విఫ్ట్ 4 లక్షల 20 వేలకు తీసుకున్నాను. తెల్ల బండి, సింగిల్ ఓనర్. సాయంత్రం పూట, సన్నగా వాన పడుతుంటే చూశాను. ఇంజన్ శబ్దం బాగుంది, పెయింటు బాగుంది. తొందరపడ్డాను. తప్పు నాదే.

పోయిన వారం మా కుర్రాడు బండి లోపల తుడుస్తూ డ్రైవర్ సీటు బెల్టును చివరిదాకా లాగాడు. పైన నల్లగా నిగనిగలాడుతున్న బెల్టు, ఆఖరి జానెడు మేర పసుపు రంగు మట్టి పట్టి ఉంది. వేలితో రాస్తే పొడి రాలింది. సీటు కింద బోల్టులు చూస్తే తుప్పు. స్టెప్నీ తీస్తే కింద గుంటలో ఒండ్రు. అప్పుడు ఆర్‌సీ తీసి అడ్రస్ చూశాను: బెజవాడ సింగ్‌నగర్. 2024 సెప్టెంబర్ 1న బుడమేరు వాగు పొంగి రోజుల తరబడి నీళ్లలో ఉన్న ఏరియా. అడ్రస్ కొన్న రోజే చదివాను. చదివి కూడా ఆలోచన రాలేదు.

బ్రోకరుకు ఫోన్ చేస్తే "తీసుకునేటప్పుడు చూసుకోవాలి కదన్నా" అని పెట్టేశాడు. పెట్టుబడిలో 3 లక్షలు రెండు రూపాయల వడ్డీకి తెచ్చినవి. నెలకు 6 వేలు పోతోంది. పైగా 2025 సెప్టెంబర్ 22 నుంచి కొత్త చిన్న కార్లకు జీఎస్టీ 28 శాతం నుంచి 18కి దిగింది. కొత్త బండి రేటు తగ్గితే పాత బండి రేటు తనంతట తనే పడుతుంది. షెడ్డులో ఉన్న ప్రతి బండి మీదా నాకు దెబ్బే.

అసలు టెన్షన్ ఇప్పుడు చెప్తాను. మట్టి బయటపడటానికి రెండు రోజుల ముందే ఈ బండికి 10 వేలు అడ్వాన్స్ తీసుకున్నాను. కొనేది రిటైరైన మాస్టారు. 2009లో ఆయన మొదటి కారు, మారుతి 800, నా దగ్గరే కొన్నారు. బేరం 4 లక్షల 55 వేలకు కుదిరింది. మెకానిక్ ఏమంటాడంటే, బెల్టులు మార్చి, కార్పెట్ ఎండబెట్టి, వైర్లు కలిపే కప్లర్లు క్లీన్ చేస్తే ఎవరికీ తెలియదని. రాత్రి మా ఆవిడతో చెప్పాను. లెక్కల పుస్తకం మూసి, "మాస్టారి అమ్మాయే కదండీ మన పాపకి టెన్త్‌లో లెక్కలు చెప్పింది" అంది. ఇంకేం మాట్లాడలేదు.

దాచి అమ్మే ఉద్దేశం నాకు లేదు. తక్కువ నష్టంతో ఎలా బయటపడాలో తెలిసినవాళ్లు చెప్పండి.

భీమవరం ఆటో కన్సల్టెన్సీ:

అన్నా, ముందు మాస్టారి అడ్వాన్స్ తిరిగిచ్చెయ్. రేపటిదాకా కూడా ఆగొద్దు. ఆయనకు ఇంకెవరో చెప్పేలోపు నువ్వే చెప్పాలి. తర్వాత ఫోన్లు మానేసి, ఆ బ్రోకరుకు కూడా తెలిసిన పెద్దమనిషి ఒకరిని వెంటబెట్టుకుని నేరుగా వెళ్లు. మన లైన్‌లో పేపర్ కన్నా పెద్దమనిషి మాటే ఎక్కువ పనిచేస్తుంది.

ఇంకోటి. బండి ఇంకా మొదటి ఓనరు పేరు మీదే ఉంటే ఎవరికీ తిప్పడానికి ఇవ్వకు. బండి అమ్మేసినా రికార్డులో పేరు మారకపోతే యాక్సిడెంట్ బాధ్యత రికార్డులో ఉన్న ఓనరుదేనని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది. పాపం, ఆయన ఇల్లు మునిగి ఉన్నాడు, మళ్లీ ఈ తలనొప్పి కూడానా! 2023 ఏప్రిల్ నుంచి, ఆర్టీవో దగ్గర ఆథరైజేషన్ తీసుకున్న డీలరు చేతికి బండి వస్తే ఆ సంగతి ఫారం 29సీలో ఆర్టీవోకు తెలిపే పద్ధతి వచ్చింది. నువ్వు తీసుకోకపోతే తీసుకో.

ఇన్సూరెన్స్ సర్వేయర్ (రిటైర్డ్):

నీళ్లు ఎంత ఎత్తుకు వచ్చాయన్నదే ముఖ్యం. కార్పెట్ దాకా వస్తే ఒక లెక్క, సీటు దాకా వస్తే ఇంకో లెక్క, డ్యాష్‌బోర్డు దాకా వస్తే ఆ బండి మీద ఆశ వదులుకోవాలి. మీరు చెప్పిన బెల్టు మట్టిని బట్టి కనీసం సీటు ఎత్తు వచ్చి ఉంటుంది. చాలా బండ్లలో ఎయిర్‌బ్యాగ్ కంప్యూటర్ గేర్ రాడ్ దగ్గర కిందనే ఉంటుంది. అది తడిస్తే ఈరోజు మామూలుగానే కనిపించి, అవసరమైన రోజు బ్యాగు తెరుచుకోకపోవచ్చు. బెల్టులు మారిస్తే చాలన్న మెకానిక్‌కు ఈ సంగతి చెప్పండి.

వరద తర్వాత కట్టిన పాలసీ తెప్పించి చూడండి. ముందు ఏడాది నో క్లెయిమ్ బోనస్ ఉండి, తర్వాత సున్నా అయిందంటే క్లెయిమ్ జరిగి ఉండొచ్చు. రిపేరు ఖర్చు ఐడీవీలో, అంటే పాలసీలో రాసిన బండి విలువలో, 75 శాతం దాటితే టోటల్ లాస్ (బండి మొత్తం పోయినట్టే) కింద తీసుకుంటారు. అలాంటి బండ్లు వేలంలో చేతులు మారతాయి. ఆర్‌సీలో ఉన్న ఓనరును కలవండి. ఆయన నిజమే చెప్తాడు, దాచాల్సిన అవసరం ఆయనకేముంది.

చిలకలూరిపేట అక్క:

మేము 2023లో ఇలాంటి బండే కొన్నాం, వేరే ఊళ్లో. రాత్రి పదకొండింటికి హైవే మీద లైట్లు, డ్యాష్‌బోర్డు అన్నీ ఒక్కసారి ఆరిపోయాయి. వెనక సీట్లో మా ఇద్దరు పిల్లలు నిద్రపోతున్నారు. వెనక నుంచి లారీలు. మా ఆయన సెల్‌ఫోన్ లైటు ఊపుతూ రోడ్డు మీద నిలబడ్డాడు. ఆ డీలరుకు తెలిసే అమ్మాడని తర్వాత తెలిసింది. తమ్ముడూ, మాస్టారికి ఆ బండి ఇవ్వకు.

తెనాలి కార్లు:

అందరికీ చాలా థాంక్స్. జరిగింది చెప్తాను.

మర్నాడు పొద్దున్నే మాస్టారింటికి వెళ్లి 10 వేలు చేతిలో పెట్టి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత "ఆ బెల్టు నాకొకసారి చూపించు" అన్నారు. షెడ్డుకు వచ్చి ఆయనే లాగి చూసుకున్నారు.

సింగ్‌నగర్ వెళ్లి ఓనరును కూడా కలిశాను. గోడ మీద నీటి గీత ఇంకా ఉంది, నా భుజం దాకా. ఇన్సూరెన్స్ థర్డ్ పార్టీ మాత్రమే ఉండటంతో ఆయనకు పైసా రాలేదట. బ్రోకరుకు మునిగిన బండి అని చెప్పే లక్షా 90 వేలకు ఇచ్చాడట. ఆ అంకె విన్నాక పెద్దమనిషితో బ్రోకరు దగ్గరికి వెళ్లాను. చాలాసేపు గొడవ అయ్యాక 80 వేలు వెనక్కి ఇచ్చాడు. బండి గుంటూరులో స్పేర్ పార్టుల వాళ్లకు, మునిగిన బండి అని కాగితం మీద రాసిచ్చి, లక్షా 60 వేలకు ఇచ్చాను. వడ్డీ కాక 1 లక్షా 80 వేలు పోయింది. పాప ఈఏపీసెట్ కోచింగ్‌కని పక్కన పెట్టిన డబ్బులో నుంచి కొంత తీయాల్సి వచ్చింది. అది మాత్రం చాలా బాధగా ఉంది, మార్చిలోగా మళ్లీ సర్దాలి.

మాస్టారు జీఎస్టీ తగ్గింది కదా అని షోరూమ్‌లో కొత్తదే బుక్ చేశారు. నిన్న ఫోన్ చేసి, "శనివారం డెలివరీ, నువ్వొచ్చి ఒకసారి చూసి చెప్పు" అన్నారు. వస్తానన్నాను.